నలభై నిమిషాల దూరం

"నిలబడైనా వస్తానండీ. నలభై నిమిషాలే కదా!" నర్సు బతిమాలింది.

"కడ్డీ పట్టుకుని వేలాడ్డానికి ఇది సిటీ బస్సు కాదమ్మా," అన్నాడు కౌంటరు గుమస్తా. "ఎవరైనా ప్రయాణం మానుకుంటే ఆ సీటు మీదే. అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు."

రాత్రి వానకు కొండదారి తెగిపోయింది. తెగకపోయినా ఆ దారిన అవతలి ఊరు ఎనిమిది గంటల ప్రయాణం; కొండ మీదుగా ఎగిరితే నలభై నిమిషాలు. విమానం రోజుకు ఒక్కటే. బస్సులో పోవలసినవారంతా ఇక్కడికే వచ్చిపడ్డారు. పదకొండింటికల్లా నర్సు అవతలి ఊరి కోర్టులో సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే కేసు కొట్టేస్తారు.

చేతిలో కోర్టు కాగితంతో ఆమె వచ్చి బెంచీ మీద కూలబడింది.

"ఏం కేసమ్మాయ్?" పక్కనున్న పెద్దావిడ అడిగింది. ఆవిడ ఒళ్ళో చేతిసంచీ, గుప్పిట్లో బోర్డింగ్ పాసు ఉన్నాయి.

"నేను ఆ ఊరి ఆస్పత్రిలో పనిచేసేటప్పుడు, ఒక రాత్రి గేటు ముందే ఒక కారు చిన్నపిల్లను గుద్దేసిందండీ. నడిపినవాణ్ణి చూసింది నేనొక్కదాన్నే."

"చీకట్లో పొరబడలేదు కదా?"

"గేటు దీపం కిందేనండీ. దిగి వచ్చాడు. పిల్ల అతని ప్యాంటు పట్టుకుంది. దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుని, కారెక్కి వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి పిల్ల పోయింది."

"దిగాడా?" ఆవిడ గొంతు తగ్గింది. "దిగి చూశాడా?"

"చూశాడండీ. ఇప్పుడేమో ఆ రోజు అసలు ఊళ్ళోనే లేనంటున్నాడు."

పెద్దావిడ తన వేళ్ళవంక చూసుకుంటూ ఉండిపోయింది. ఇంతలో విమానం ఎక్కమని పిలుపు వచ్చింది. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచి, తిన్నగా కౌంటరు దగ్గరకు నడిచి, పాసును బల్లమీద పెట్టింది.

"నా ప్రయాణం మానుకున్నాను నాయనా. ఈ అమ్మాయిని ఎక్కించు."

"డబ్బు తిరిగి రాదు మామ్మగారూ!"

"నేనడిగానా?"

నర్సు ఆవిడ చేతులు పట్టుకుంది. అవి చల్లగా ఉన్నాయి. "మరి అక్కడ మీ పనో?"

"ఒక మాట చెప్పి పొమ్మన్నారు. నువ్వు వెళ్తున్నావుగా, ఇక దాంతో పనిలేదు. కదులు, ఆలస్యం చేయకు."

విమానం కొండ దాటుతున్నంతసేపూ, పేరైనా అడగని ఆ తల్లికి నర్సు మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

కోర్టులో ఆమె బోనెక్కి, ఎదుటి బోనులో ఉన్నవాణ్ణి వేలెత్తి చూపింది. అతడు ఆమె వంక చూడనే లేదు. అతని కళ్ళు తలుపు మీదే ఉన్నాయి.

అతని వకీలు లేచి, తడబడుతూ గడువు కోరాడు: "ఆ రోజు ముద్దాయి ఎనిమిది గంటల దూరంలో తన ఇంట్లోనే ఉన్నాడని చెప్పవలసిన అతని తల్లి, విమానం దాకా వెళ్ళి, తన సీటును ఎవరో నర్సుకు ఇచ్చేశానని ఇప్పుడే ఫోను చేసిందండీ."