మంగళవారం సరుకు రాదు

బిల్లును వెలుతురుకు పట్టి చూశాడు హర్ష. తెల్లకాగితం, పైన రబ్బరు స్టాంపు, కింద బయ్యన్న అని వంకర సంతకం. నూనె ప్యాకెట్టు మొదలు బట్టల సబ్బు దాకా ప్రతిదీ తాను మేనేజరుగా ఉన్న మార్టు ధర కన్నా తక్కువే.

కౌంటరుకు అవతల ఇంద్రాణి కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడింది. రోజూ ఇదే తంతు. కొత్తచెరువులో మార్టు తెరిచిన నాడు ఓనరు ఉత్సాహం పట్టలేక గుమ్మం మీద బోర్డు కట్టించాడు. మండలంలో ఏ అంగడి బిల్లయినా తెండి, అక్కడ తక్కువుంటే మేమూ ఆ ధరకే ఇస్తాం అని. అది చాలదన్నట్టు పల్లెపల్లెకూ ఆటోలో కూపన్లు పంచాడు. ఎంత బిల్లయినా సరే, మీద నూటికి పది తగ్గింపు. బోర్డు చూసి జనం ముచ్చటపడి ఊరుకున్నారు. నిజంగా బిల్లు పట్టుకొచ్చిన మహాతల్లి ఈమె ఒక్కతే.

“మీ ఊళ్లోనే ఇంత అగ్గవగా దొరుకుతాంటే ఈడికెందుకొస్తావక్కా?” అన్నాడు హర్ష.

“ఆడ కూపను లేదు గద సార్. మీ కాడ ఉండాది.”

“ఇన్ని ప్యాకెట్లు ఏం చేసుకుంటావు?”

“మాది తినేవాళ్లు ఎక్కువుండే కొంప సార్.”

నవ్వనైనా నవ్వకుండా కూపను కౌంటరు మీద పెట్టింది. పర్సులో ఇంకా గుప్పెడు కూపన్లు కనబడ్డాయి. ఊరంతా పారేసినవి ఏరుకొచ్చిందో ఏమో! పళ్లు నూరుకుంటూ బిల్లు కొట్టించాడు. ఇచ్చిన మాట బోర్డెక్కి కూర్చుంటే ఇంకేం చేస్తాడు?

బిల్లులు దొంగవని అతని అనుమానం. ఓనరుకు అంత ఓపిక లేదు. దొంగవైతే పట్టుకో, లేదంటే నువ్వు ఇంటికి పో అని ఫోనులోనే తేల్చేశాడు. ఇంటికి అంటే సొంతిల్లు కాదు, మామగారి ఎరువుల అంగడి. అక్కడ కాటా దగ్గర నిలబడాలి. మామ ఒక్క మాటా అనడు, అల్లుణ్ణి చూసి నవ్వుతాడంతే. ఆ నవ్వు తలుచుకుంటేనే హర్షకు ఒళ్లు మండింది.

మంగళవారం మార్టుకు సెలవు. బండేసుకుని ఇంద్రాణి వాళ్ల పల్లెకు పోయాడు. అసలు అంగడంటూ ఉంటే కదా అనుకుంటూనే పోయాడు. ఉంది. చెనిక్కాయ చేలల్లో కలుపు తీసి వచ్చిన ఆడవాళ్లు అరుగు ముందు గుంపు కట్టి ఉన్నారు. లోపల బయ్యన్న, ముసలాయన, తీరిక లేకుండా అందిస్తున్నాడు. తనది గుత్తి అనీ, అక్కడ అంగడి పెట్టే ఆలోచనలో ఉన్నాననీ హర్ష అబద్ధమాడాడు. నూనె అడిగితే బిల్లులో ఉన్న ధరే చెప్పాడు ముసలాయన. సబ్బుదీ అంతే. బిల్లులు దొంగవి కావు. మరి సరుకు కల్తీదా? ప్యాకెట్టు తిప్పి తిప్పి చూశాడు. సీలు చెక్కుచెదరలేదు. తయారీ తేదీ కూడా తన మార్టులో ఉన్న ప్యాకెట్ల మీది తేదీనే. సరుకు అసలుదే, ఛీ అనుకున్నాడు.

చివరికి టీ పొడి అడిగాడు.

“ఈ పొద్దు మంగళవారం గదప్పా,” అన్నాడు బయ్యన్న. “మంగళవారం సరుకు రాదు. రేపు రా.”

మర్నాడు పొద్దున్నే సంగతంతా ఓనరుకు చెప్పాడు. హైవే మీద లారీల్లోంచి దొంగచాటుగా దించుకున్న సరుకేమో అని తన కొత్త అనుమానం కూడా కలిపాడు. ఓనరు బుర్ర ఇంకో దారిన పోయింది. మనకన్నా అగ్గవకు వానికి సరుకిస్తున్నదెవరో కనుక్కో, ఇకమీదట మనమూ వాని దగ్గరే కొందాం అన్నాడు. సాయంత్రంలోగా పేరు చెప్పకపోతే రేపట్నుంచి మార్టుకు రావద్దని కూడా అన్నాడు.

ఫోను పెట్టేసేసరికి ఇంద్రాణి రెండు సంచులు నింపుకుని బిల్లుకు నిలబడి ఉంది. మరలో రాగులున్నాయి, పిండాడించుకొని పోవాల, తొందరగా కానిమ్మంది. ఆమెతో గొడవపడే ఓపిక ఇవాళ హర్షకు లేదు. ఆమె అటు పోగానే ఇతను ఇటు బండి తీశాడు.

ఎండకు అంగడి ముందు నరమానవుడు లేడు. హర్ష గుత్తి అంగడి కథ పక్కనపెట్టి బయ్యన్న రెండు చేతులూ పట్టుకున్నాడు.

“పెద్దాయనా, నీకు సరుకెవరిస్తారో చెప్పు. పేరు తెలీకపోతే నా ఉద్యోగం పోతాది.”

బయ్యన్న అతన్ని కిందికీ మీదికీ చూశాడు. చేతులు విడిపించుకున్నాడు.

“కొత్తచెరువులో ఆ మార్టు పెట్టినాక నా అంగడికి బీగం పడాల్సిందప్పా. పడలేదంటే ఆ సరుకు వల్లనే. యాడిదో చెప్తే నా కడుపు నేను కొట్టుకున్నట్టు గాదా?”

హర్షకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ నవ్వు సంగతి కూడా చెప్పేశాడు. ముసలాయన ఆ మాటకు కరిగాడు. తనకూ ఒక మామ ఉండేవాడట. బెంచీ దులిపి కూర్చోమన్నాడు.

“నా నోటితో నేను చెప్పను. సరుకొచ్చే వేళయింది. తెచ్చే మనిషిని నువ్వే అడుక్కో. టీ పొడి కూడా అప్పుడే వస్తాది, తాగి పోదువు.”

హర్ష ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి బయట మోపెడ్ ఆగిన చప్పుడైంది. గభాలున లేచి చొక్కా సర్దుకున్నాడు. ఫోనులో ఓనరు నంబరు తీసి పెట్టుకున్నాడు. ఎంత బతిమాలైనా సరే ఈ మనిషిని ఒప్పించాలనుకుంటూ గుమ్మం వైపు తిరిగి దండం పెట్టాడు.

“సరుకు తెచ్చినా మామా,” అంటూ లోపలికొచ్చింది ఇంద్రాణి.