రెండో చెవి

"చెవి తీసేస్తారా డాక్టరమ్మా?" అన్నాడు సెరున్‌జోగి, కుడిచెవిని అరచేత్తో మూసుకుని.

"తీసి నేనేం చేసుకోను?" డాక్టర్ నంపీరా టార్చి ఆర్పేసి నవ్వింది. "లోపల బూజు పట్టింది, అంతే."

"బూజా! ఈ వైరు లేని ఇయర్‌బడ్స్ మెదడును ఉడకబెడతాయని మా స్టాండులో అందరూ అంటున్నారు. వెనకొచ్చే లారీ హారన్ వినపడకపోతే కంపాలా రోడ్ల మీద కిరాయి బోడా బైకు ఎలా నడపను?"

"మెదడు చల్లగానే ఉంది బాబూ. చుక్కలు వేస్తే తగ్గిపోతుంది. కానీ ఈ బూజు ఒకరి చెవి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. నీవి ఇంకెవరు పెట్టుకుంటున్నారు?"

"ఎవరూ లేరు. పెళ్ళాన్ని కూడా ముట్టుకోనివ్వను."

"కనుక్కో. వాళ్ళకీ మందు వెయ్యకపోతే నీకు మళ్ళీ వస్తుంది. అలా వస్తూ పోతూ ఉంటే చివరికి చెవుడే."

సెరున్‌జోగి అక్కడికక్కడే భార్యకు ఫోన్ కొట్టాడు.

"నసూనా! నా ఇయర్‌బడ్స్ ఎవరికైనా ఇచ్చావా?"

"మీరు మధ్యాహ్నం నిద్రపోతారు కదా, అప్పుడు... పెరటి గుమ్మంలోంచి... రేడియో నాటకం వినడానికి."

"పెరటి గుమ్మంలోంచా! ఎవడికి?"

"పేరు చెప్తే మీరు తట్టుకోలేరు."

"నేను లోపల గుర్రు పెడుతుంటే పెరట్లో కూర్చుని నాటకాలు వింటాడా! నా ఎదురుగా నిలబెట్టు. ముఖం మీదే అడుగుతా!"

"ఆ పని మాత్రం చెయ్యకండి. అసలు మీరెక్కడున్నారు?"

"నంపీరా డాక్టరమ్మ దగ్గర!"

"అయ్యో! ముందు బయటికి వచ్చెయ్యండి! వాళ్ళకీ చెవి నొప్పంటే ఇందాకే అక్కడికి పంపించాను!"

"రానీ!" చొక్కా చేతులు పైకి మడిచి గుమ్మం వైపు తిరిగాడు. డాక్టరమ్మ ముందుజాగ్రత్తగా మందుసీసాలు పక్కకు జరిపింది.

గుమ్మానికున్న తెర తొలగింది. లోపలికి వచ్చిన మనిషీ, సెరున్‌జోగీ ఒకేసారి కెవ్వుమన్నారు.

అతను బల్ల కింద దూరాడు. ఆవిడ తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని తెర అవతలికి పరిగెత్తింది.

అత్తగారు! పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ ఎదురొస్తే బండిని పక్క సందులోకి తిప్పేసేవాడు. అక్కడి ఆచారం ప్రకారం అల్లుడన్నవాడు అత్తగారి ముఖం చూడకూడదు. ఆవిడ బట్ట తగిలినా చేతులకు వణుకు వస్తుందంటారు. అలాంటిది ఆవిడ చెవిలోది తన చెవిలో!

"ఇప్పుడేం దారి డాక్టరమ్మా?" బల్ల కింది నుంచి ఏడుపు గొంతు వచ్చింది.

డాక్టరమ్మకు నవ్వాగితే కదా! తెర వెనక నుంచి ఇంకో గొంతు అందుకుంది.

"మా అల్లుడుగారితో చెప్పండమ్మా. ఇద్దరం ఒకటే పెట్టుకోవడం మహా తప్పు. ఇకనుంచి ఎడమది ఆయన్ని ఉంచుకోమనండి, కుడిది నాకిచ్చెయ్యమనండి!"