మెత్తరాయి

“పేరు చెక్కే చోటు ఖాళీగా వదిలెయ్ మేస్త్రీ. అది బిషప్‌గారే రాసిస్తారట. పైన ఒక్క మాట చాలన్నారు: ‘క్షమించు’. ఆదివారానికల్లా రాయి సమాధుల తోటకు చేరాలి,” అన్నాడు చర్చి గుమస్తా.

రాళ్ల మేస్త్రీ ఎవరి సమాధికని అడగలేదు. బిషప్ జబ్బుపడి లేచాడనీ, ఇక ఓడెక్కి స్వదేశం వెళ్లనన్నాడనీ ఊరంతటికీ తెలుసు.

ముప్పయ్యేళ్లుగా మేస్త్రీ ఈ రోజు కోసమే కాచుకున్నాడు. అతని తల్లి బావిలో దూకి చనిపోయినప్పుడు, సముద్రాలు దాటి కొత్తగా వచ్చిన ఈ దొర, “ప్రాణం తీసుకున్నవాళ్లకు గోడ లోపల చోటు లేదు” అన్నాడు. పదేళ్ల పిల్లాడిగా తను కాళ్ల మీద పడినా కరగలేదు. ఆమెను సమాధుల తోట తూర్పు గోడ అవతల, ముళ్లకంపల్లో, గుర్తుకొక రాయైనా లేకుండా పూడ్చారు. దొర మాత్రం మెట్టు మెట్టు ఎక్కి బిషప్ అయ్యాడు.

మేస్త్రీ ఏరి ఏరి మెత్తరాయి తెచ్చాడు. నూనె పట్టిస్తే నల్లరాయిలా నిగనిగలాడుతుంది. నాలుగు వానలు పడితే అక్షరాలు పెచ్చులుగా ఊడిపోతాయి.

“పాపం కదండీ?” అంది భార్య.

“మా అమ్మకు దక్కనిది ఆయనకెందుకు దక్కాలి? ఆయన పేరు కూడా మట్టిలో కలవాలి. అప్పుడుగానీ నా కడుపుమంట చల్లారదు.”

“క్షమించమని రాయించుకున్నాడుగా పాపం, ముసలాయన!”

“అడిగింది దేవుణ్ని. ఆ లెక్క వాళ్లిద్దరూ చూసుకుంటారు. నా పని నేను చూసుకుంటా.”

శనివారం పొద్దున బిషప్ చేతికర్ర ఊతంతో తనే వచ్చాడు. అంగీ నిండా సున్నం దుమ్ము.

“ఏంటయ్యగారూ, ఆ దుమ్ము?”

“తూర్పు గోడ పడగొట్టిస్తున్నాను. దగ్గరుండి చూడాలనిపించింది.” వంగి రాయిని తడిమాడు. “వానలకు ఆగుతుందా, మేస్త్రీ?”

“మునిమనవలు కూడా చదువుకుంటారయ్యగారూ,” అన్నాడు మేస్త్రీ, తొణక్కుండా.

“నీ మాట చాలు.” బిషప్ జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. “ఈ పేరు రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.”

పేరు రాయడానికి కూడా ఇంత బడాయా అని లోలోపల నవ్వుకుంటూ, మేస్త్రీ ఉలి చేతిలోకి తీసుకుని మడత విప్పాడు.

కాగితంలో ఉన్నది మేస్త్రీ వాళ్లమ్మ పేరు.