ఇంజన్ కడిగే మందు

"పొయ్యనంటే పొయ్యను, మాస్టారూ. ఇంకేదైనా చెప్పండి, చేస్తాను" అన్నాడు మెకానిక్.

మాస్టారు కారు బానెట్ మీద పెట్టిన సీసాని ఇంకొంచెం ముందుకి జరిపారు. ఆయిల్ మార్చే ముందు ఇంజన్‌లో పోసి, ఓ పావుగంట బండిని నిలబెట్టి నడిపితే లోపలి మడ్డినంతా కడిగేసే ఫ్లష్ మందు అది. దుకాణంలో తనే కొని, సంచిలో పెట్టుకుని తెచ్చారు.

మెకానిక్‌కి ఆ సీసాలంటే ఒళ్ళుమంట. శుభ్రంగా ఉన్న ఇంజన్‌కి అవి అక్కర్లేదనీ, మడ్డి పేరుకున్న ఇంజన్‌కి అవి విషమనీ వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు. మరి ఎవరికోసమయ్యా తయారుచేస్తున్నారని అడిగితే, అమ్మేవాళ్ళ కోసం అంటాడు. అలా చెప్పి ఎంతమందినో వెనక్కి పంపాడు. కానీ మాస్టారి సంగతి వేరు. ఆ చుట్టుపక్కల స్టీరింగ్ పట్టినవాళ్ళలో సగం మంది ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నవాళ్ళే. మెకానిక్ కూడా. అద్దంలో చూడకుండా బండి కదిపినందుకు వేళ్ళ మీద తిన్న దెబ్బలు అతనికింకా గుర్తే.

డ్రైవింగ్ స్కూలు మూసేశాక ఆయనకి మిగిలింది ఈ కారొక్కటే. నేర్చుకునేవాళ్ళంతా ఇరవై రెండేళ్ళపాటు మొదటి గేరులో ఏడిపించిన బండి. రోజూ ఆరేళ్ళ మనవరాలిని ఇందులోనే బడికి తీసుకెళతారు. బడి వదిలేదాకా గేటు ముందే కార్లో కూర్చుని, మళ్ళీ ఎక్కించుకొస్తారు. తాతగారి ప్రేమని చూసి అందరూ ముచ్చటపడతారు. ఇప్పుడూ ఆ పిల్ల ముందు సీట్లో కూర్చుని బిస్కెట్ తింటోంది. ఈ బండి పోతే మాస్టారు ఇంకోటి కొనేదీ లేదు, నడిపేదీ లేదు. అందుకే మెకానిక్ పట్టు వదల్లేదు.

ఆయిల్ మూత విప్పి, లోపల వేలు తిప్పి, నల్లగా అంటుకున్న మడ్డిని చూపించాడు. "ఇదంతా ఒక్కసారిగా ఊడిందనుకోండి, అడుగున ఆయిల్ లాగే జల్లెడకి అడ్డం పడుతుంది. పైకి ఆయిల్ ఎక్కదు. ఇంజన్ పట్టేస్తుంది. అప్పుడు నేను కాదు కదా, దాన్ని తయారుచేసినవాడొచ్చినా లాభం లేదు."

మాస్టారు పాఠం వింటున్నట్టు తలూపారు. "ఎన్నాళ్ళకి?"

"వారం. మహా అయితే పది రోజులు."

"ఉన్నట్టుండి ఆగిపోతుందా, ముందు ఏమైనా తెలుస్తుందా?"

"తెలుస్తుంది. టకటకా కొట్టుకుంటుంది. పక్కకి తీసి ఆపుకునేంత వ్యవధి ఉంటుంది."

"అయితే పొయ్యరా" అన్నారు మాస్టారు.

మెకానిక్ తల పట్టుకున్నాడు. ఎవరో ఈయన చెవిలో ఊదారు, ఇక దేవుడు దిగివచ్చినా వినరు అనుకున్నాడు. గురువుకి ఎదురు చెప్పడానికి నోరు రాలేదు, చేతులారా ఇంజన్‌ని చంపడానికి మనసొప్పలేదు. సరేనని సీసా అందుకుని లోపలికెళ్ళి, మందు పారబోసి, అందులో మామూలు ఇంజనాయిలు నింపుకొచ్చాడు. మందు నీళ్ళలా పలచన, ఆయిలు తేనెలా చిక్కన. చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, మూరెడు దూరంలో నిలబడి, పోస్తున్నంతసేపూ అటే చూశారు. ఏమీ అనలేదు. మెకానిక్ ఊపిరి పీల్చుకున్నాడు. పావుగంట ఇంజన్ నడిపి, పాత ఆయిల్ దింపి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోసి సాగనంపాడు. ఆ రోజంతా అతనికి తన మీద తనకే ముద్దొచ్చింది.

పదిహేనో రోజు పొద్దున కారు మళ్ళీ వచ్చింది. షెడ్డు ముందు పేర్చిన పాత టైర్లని మెత్తగా తాకి ఆగింది. మెకానిక్ అదేమీ పట్టించుకోలేదు. అతని చెవులు ఇంజన్ మీదే ఉన్నాయి. చప్పుడులో ఎక్కడా తేడా లేదు. చేతులు తుడుచుకుంటూ సంబరంగా ఎదురెళ్ళాడు.

మాస్టారు దిగి, కారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. మొహంలో కళ లేదు. "పది రోజులన్నావు. ఇంకా నడుస్తోందేమిట్రా?"

ఇక దాచడం మెకానిక్ వల్ల కాలేదు. మందు పారబోసిన సంగతీ, ఆయన కళ్ళ ముందే మామూలు ఆయిల్ పోసిన సంగతీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు. "కోప్పడకండి మాస్టారూ. ఇంకో అయిదేళ్ళు ఈ బండికి ఢోకా లేదు. మీరు నిశ్చింతగా నడుపుకోండి" అని, మెచ్చుకుంటారేమోనని చూశాడు.

మాస్టారు తడుముకుంటూ స్టూలు మీద కూర్చున్నారు. తర్వాత మెల్లిగా చెప్పారు. ఆయన చూపు పోతోందట. అది తిరిగి రాదనీ, ఇక బండి ముట్టుకోవద్దనీ కళ్ళ డాక్టరు చెప్పి నాలుగు నెలలైందట. ఇంట్లో ఎవరికీ తెలియదట.

మెకానిక్ చేతిలో గుడ్డ పక్కన పడేసి, ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నలభై ఏళ్ళు ఊరందరికీ నడపడం నేర్పినవాణ్ణి. కనపడక మానేశానని ఏ మొహం పెట్టుకుని చెప్పనురా? ఇంజనే పోతే ఎవరూ ఏమీ అడగరు కదా అనుకున్నాను" అన్నారు మాస్టారు. "ఇన్నాళ్ళూ ఎరుపు పడిందో పచ్చ పడిందో మనవరాలు పక్కన కూర్చుని చెబుతుంటే నడిపాను. ఇవాళ దానికి జ్వరం. ఒక్కణ్ణే వచ్చాను."