ఏడవని పిల్లలు

చెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాల ముడి ఊడి పెద్దులు దభీమని కిందపడ్డాడు.

ఏడవలేదు. కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసుకున్నాడు.

కలుపు తీస్తున్న ఆడవాళ్ళు తలలెత్తి చూసి మళ్ళీ వంగారు. అవి నిజాము రోజులు. దొర జొన్నచేలో కలుపంటే ఇంటికొక ఆడమనిషి వచ్చి తీరాలి, కూలి మాట ఎత్తకూడదు.

"నీ కొడుకు బుద్ధిమంతుడు బీరమ్మా," అంది పక్క సాలులో ఉన్న ఈదమ్మ.

గట్టు మీద నడిచిపోతున్న ముసలామె ఒకతె ఆగి, పిల్లవాణ్ణి ఎత్తి ఒళ్ళు దులిపింది.

"గింత ఎత్తుమీదికెల్లి పడ్డ పోరడు ఏడ్వకపోతె అది బుద్ధి గాదు బిడ్డా. నల్లమందు పెట్టినవా?"

బీరమ్మకు ఒళ్ళు మండింది.

"అందరం పెడ్తం, ఆవగింజంత. మా అవ్వ నాకు పెట్టలేదా? పోరలు పండి నిద్రపోకపోతె పనెట్ల జేస్తం?"

"ఎన్నేండ్లు వీనికి?"

"మూడు నిండుతయి."

"నిలబడ్తడా? మాట్లాడ్తడా?"

బీరమ్మ వంగి మళ్ళీ కలుపు పీకసాగింది. ఆమెకున్న దిగులంతా అదే. పేరు మాత్రం పెద్దులు. నిలబెడితే ఖాళీ గోనెసంచిలా కూలబడేవాడు. కోతల నాటికి నడవకపోతే వీణ్ణి ఊళ్ళు తిరిగే జోగులకు ఇచ్చేద్దామని మొగుడు అప్పటికే రెండుసార్లు అన్నాడు.

ముసలామె పేరు జానమ్మట. మక్తల్ నుంచి వచ్చిందట.

"పోరలను నేను జూస్త. నాకేం ఇయ్యకుండ్రి. రోజుకింత తక్కువ జేసుకుంట ఆ మందు బందు పెట్టుండ్రి, గంతే," అంది.

ఊరికే వచ్చిన కాపలా ఎవరికి చేదు? ఒప్పుకున్నారు.

మర్నాడు జానమ్మ గట్టు పక్కన చిన్న గుంత తవ్వి, పెద్దులును అందులో నిలబెట్టి, నడుము దాకా మెత్తటి మట్టి పోసింది. ఇక కూలబడదామన్నా వీల్లేదు. వాడి ముందర పాత కుండ బోర్లించి, చేతికి పుల్ల ఇచ్చింది. తక్కిన పిల్లల్ని చుట్టూ తిప్పుతూ, తనే కట్టిన పాట అందుకుంది.

"పిట్ట వచ్చెనే, గట్టు దిగెనే, పెద్దులు కుండ ఏమనెనే..."

అక్కడ ఆపేసి వాడి మొహంలోకి చూస్తూ కూర్చునేది. వాడు పుల్ల కదిపితేగానీ పాట ముందుకు సాగేది కాదు.

"పిచ్చి ముసల్ది," అని ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

మూడోరోజు పుల్ల కుండకు తగిలింది.

మందు తగ్గుతున్నకొద్దీ పిల్లలకు ఆకళ్ళు వచ్చాయి, ఏడుపులు వచ్చాయి, కొట్లాటలూ వచ్చాయి. తల్లులు సాళ్ళు వదిలి పరుగెత్తడం మొదలైంది. ఎనిమిదోరోజు దొర మనిషి సాయిలు గట్టెక్కాడు.

"పాటలు నడుస్తున్నయా గీడ? ముసల్దాన్ని ఎల్లగొడ్తరా, మిమ్ములందర్ని దొర గడి ముందట నిలబెట్టాల్నా?"

అందరూ బీరమ్మ వైపే చూశారు. భయంలో నోటికి హద్దుండదు.

"నువ్వు పో అవ్వా. పిల్లల్ని సాకినదానివైతె మా బాధ తెలుస్తుండె నీకు."

జానమ్మ మొహం పాలిపోయింది. పెద్దులును గుంతలోంచి తీసి, కాళ్ళకంటిన మట్టి తుడిచింది.

"మల్ల అది పెట్టకు బిడ్డా. ఈ కుండ ఇంటికి పట్కపో," అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే బీరమ్మ ఆకు పొట్లం విప్పింది. గాజులమ్మే ఆమె ఎండాకాలంలో మక్తల్ నుంచి తెచ్చిచ్చిన పొట్లం అది. వేలికి మందు అంటుకుంది. ఇంతలో వెనక నుంచి డుబ్బుమని చప్పుడు.

పెద్దులు కుండ కొట్టి తల్లి మొహంలోకి చూస్తున్నాడు. పాట కోసం ఎదురుచూస్తున్నాడు.

ఆ పాట బీరమ్మకు సరిగా రాదు. వచ్చినంత పాడింది. వాడు నవ్వాడు. మూడేళ్ళలో పగటిపూట కొడుకు నవ్వు చూడటం ఆమెకు అదే మొదలు. వేలు పొయ్యి బూడిదలో రుద్దేసి, వాణ్ణి వాటేసుకుని ఏడ్చింది.

మందు పెట్టకుండానే పని సాగేలా ఆడవాళ్ళంతా కూర్చుని ఒక ఉపాయం చేశారు. రోజుకొకరు పిల్లల దగ్గర ఉండాలి, ఆమె సాలును తక్కినవాళ్ళు పంచుకోవాలి. సాళ్ళు తగ్గకపోయేసరికి సాయిలుకు నోరు లేవలేదు. ఉయ్యాలలు ఖాళీగా ఊగాయి. గట్టంతా పిల్లల గంతులతో నిండిపోయింది.

జొన్నకోతల నాటికి పెద్దులు నడిచాడు. ఒకరోజు "అమ్మా, పాట," అన్నాడు. మొగుడు జోగుల ఊసు మళ్ళీ ఎత్తలేదు.

"ఆ అవ్వను తోల్కరా బీరమ్మా. ఇంటికో సోలెడు జొన్నలిద్దాం, ఈడనే ఉంటది," అన్నారు అందరూ.

కొడుకును కాసేపు నడిపిస్తూ, కాసేపు ఎత్తుకుంటూ బీరమ్మ మక్తల్ చేరింది. అంగడి వీధిలో కుండలమ్మే నర్సింగమ్మ అనే ఆమెను అడిగితే తాళం వేసిన తలుపు చూపించింది.

"జానమ్మనా? ఎండకాలంల తాళమేసి పోయింది. ఒక్కగానొక్క మనుమడు, తల్లి లేని పోరడు, ఈమెనే సాకింది. పండినోడు పండినట్టే పోయిండు. గప్పటిసంది ఇంట్ల ఉంటలేదు."

తాను అన్న మాట గుర్తొచ్చి బీరమ్మ కొడుకును దగ్గరికి లాక్కుంది.

"ఇప్పుడు ఏ ఊర్ల ఉన్నదో ఎరుకనా అక్కా?"

"ఏమెరుక బిడ్డా," అంది నర్సింగమ్మ. "గీ తాళమేసిన నల్లమందు దుకాణం ఆమెదే గదా, తన పొట్లాలు ఏయే ఊళ్ళకు పోయినయో గా ఊళ్ళన్నీ ఒక్కొక్కటే తిరుగుతాంది."