ముఖాల్లేని బొమ్మ

"అమ్మా, లేవండి! అది కుర్చీ కాదు!"

గార్డు అరుపుకు మేనత్త ఉలిక్కిపడి లేచింది.

"కుర్చీ కాకపోతే మరేంటి బాబూ?"

"ఎగ్జిబిషన్లో పెట్టిన కళాఖండం. ముట్టుకోకూడదు."

"ఒక కాలు విరిగింది, ఊగుతోంది కూడా. ఇదే కళ అయితే మా ఇంట్లోనూ ఒకటుంది. పంపించనా?"

"అత్తా, నెమ్మదిగా..." పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది.

హాల్లో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఎవరూ నవ్వలేదు.

వాళ్లు సిటీకి వచ్చింది ఒకే ఒక్క బొమ్మ కోసం.

పిల్లకి ఊహ తెలియకముందే తల్లి పోయింది. ఉన్న ఒక్క ఫొటో వానకు తడిసి చెరిగిపోయింది. తల్లి తరఫున ఎవరూ లేరు.

నాన్నని అడిగితే లేచి బయటికి వెళ్లిపోతాడు.

అత్తని అడిగితే, "మంచిదే తల్లీ. గట్టిగా మాట్లాడి ఎరగదు. మన ఇంట్లో ఉన్నదే ఏడాది" అంటుంది. ఇంకేమైనా చెప్పమంటే ఆమెకీ ఏమీ తోచదు.

పెళ్లికి ముందు తల్లి సిటీలో బట్టలు కుట్టే షెడ్డులో పనిచేసేది. అక్కడికి ఒక చిత్రకారుడు వచ్చి బొమ్మలు వేసుకునేవాడట. ఆయనా పోయాడు. ఆయన బొమ్మల ఎగ్జిబిషన్ గురించి పేపర్లో చదివి, నాన్న ఒక్క మాట అన్నాడు.

"అందులో మీ అమ్మ ఉండాలి."

ఆ మాటతో పిల్లకి నిద్ర కరువైంది.

చివరి గదిలో బొమ్మ దొరికింది. కింద చీటీ మీద 'కుట్టుమిషన్ దగ్గర ఇద్దరు' అని ఉంది.

పిల్ల దగ్గరికి వెళ్లి చూసింది. వెనక్కి జరిగి చూసింది.

కళ్లు లేవు. ముక్కు లేదు. ఒక పసుపు మరక, దాని మీదికి వాలిన ఒక నీలం మరక. అంతే.

"ముఖాలేవే?" అంది అత్త. "వేయడం మర్చిపోయాడా ఏంటి ఖర్మ?"

పిల్ల చీటీ మళ్లీ చదివింది. పళ్లు బిగపట్టింది.

"పసుపు రంగు చూడు పాపా, నవ్వు ఆపుకోలేకపోతోంది" అన్నారెవరో.

పక్కన ఒకావిడ నిలబడి ఉంది. వెలిసిపోయిన చీర, చేతిలో తడి గొడుగు. గొడుగు నుంచి కారిన నీళ్లు ఆమె కాళ్ల దగ్గర మడుగు కట్టాయి.

"రంగు నవ్వుతుందా?" అత్త పిల్ల చెవిలో గొణిగింది. "ఇటు రా, ఆవిడ వాలకం బాగోలేదు."

ఆవిడ ఇప్పుడు బొమ్మని చూడడం లేదు. పిల్ల ముఖంలోకి చూస్తోంది.

"ఈ ముఖం ఎక్కడో చూశాను."

"సిటీలో అందరూ ఇలాగే మొదలుపెడతారు" అంది అత్త, చేతిసంచీ చంకలో బిగించి.

ఆవిడ ఏమీ అనుకోలేదు.

"మీ అమ్మ రాలేదా పాపా?"

పిల్ల తల దించుకుంది. కొత్తవాళ్ల ముందు ఆమెకి మాట పెగలదు.

"ఇంట్లో ఉంది" అంది అత్త టక్కున.

బయటివాళ్లు ఎవరడిగినా అత్త అదే చెబుతుంది. 'అయ్యో, తల్లి లేని పిల్ల' అన్న మాట పిల్ల చెవిన పడకూడదని పసితనం నుంచీ ఆమె కాపలా కాస్తోంది.

"ఇంట్లోనా?" ఆవిడ తడబడింది. "బాగుందా?"

"నిక్షేపంలా ఉంది. మేం వెళ్లేసరికి వంట చేసి పెడుతుంది."

ఆవిడ ముఖంలో వెలుగు తగ్గింది.

"చల్లగా ఉండాలి" అంది. "నేనే పొరబడ్డాను."

బొమ్మ వైపు ఇంకొక్కసారి చూసి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

"చూశావా? మన దగ్గర పప్పులుడకలేదు" అంది అత్త.

పిల్ల బొమ్మ ముందే నిలబడిపోయింది. చాలాసేపటికి ధైర్యం తెచ్చుకుని గార్డు దగ్గరికి వెళ్లింది.

"అన్నా... అందులో మా అమ్మ ఉంది. ఏ రంగో మీకు తెలుసా?"

గార్డు తెల్లబోయాడు.

"చిన్న పాపని వదిలేసి చనిపోయిందంటారు, ఆమేనా?"

పిల్ల తలూపింది.

"పసుపు రంగు."

"మీకెవరు చెప్పారు?"

"ఇందాక మీ పక్కన నిలబడిందే, ఆవిడ! రోజూ వస్తుంది. ఆ కూతురు ఎప్పటికైనా ఈ బొమ్మ వెతుక్కుంటూ వస్తుంది, వస్తే వాళ్లమ్మ గురించి చెప్పాలి, అంటూ సాయంత్రం దాకా కూర్చుంటుంది. మీతో చెప్పలేదా?"

పిల్ల పరుగెత్తింది.

బయట వాన జోరుగా పడుతోంది. రోడ్డు నిండా గొడుగులే. ప్రతి గొడుగు కిందికీ వంగి చూసింది. ఎవరో కసురుకున్నారు. కిక్కిరిసిన బస్సు ఒకటి కదిలి వెళ్లిపోయింది.

తడిసి ముద్దయి తిరిగొచ్చేసరికి అత్త గోడకు చేరగిలబడి ఉంది.

"ఆవిడ ఇల్లెక్కడ, అన్నా?" పిల్ల గార్డుని అడిగింది.

"తెలియదమ్మా. పేరు కూడా ఎప్పుడూ అడగలేదు. ఇవాళే ఎగ్జిబిషన్ ఆఖరు. రాత్రికి ఊరు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి పోతున్నానంది. ఏ ఊరో చెప్పలేదు."

"నా నోరు పడిపోను" అంది అత్త. "ఇంతకీ మా వదిన సంగతులు ఆవిడకెలా తెలుసు బాబూ?"

గార్డు వాళ్లని బొమ్మ దగ్గరికి తీసుకెళ్లి, పసుపు రంగు మీదికి వాలిన ఆ నీలం రంగును చూపించాడు.