పొగబెట్టిన చేపలు

“మొగల్తూరు సంతకి టైమైపోతోంది. ఈ పొగలో ఒక్క చేపా కనబడట్లేదే,” అంటూ లోవమ్మ పొయ్యి మీది ఇనప జాలీని చేత్తో తడుముతోంది.

కూతురు రాణి వంగి చూసింది. చేపలకు పొగబెట్టిన కొబ్బరిపీచు ఎప్పుడో బూడిదైపోయింది. పొగ జాడే లేదు.

“అమ్మా, పొయ్యి ఆరిపోయి చాలాసేపైంది.”

లోవమ్మ చెయ్యి ఆగిపోయింది.

“కళ్ళకి కట్టు విప్పిన రోజు నన్ను చూసి నవ్వావు కదమ్మా!”

“నీ గొంతు విని నవ్వానే.”

ఆ కంటి ఆపరేషన్ కోసమే రాణి తండ్రి పల్లంరాజు పడవ అమ్మేశాడు. ఇప్పుడు పరాయి పడవలో కూలికి వెళ్తున్నాడు.

“మీ నాన్నకి చెప్పకే,” అంది లోవమ్మ మెల్లగా. “నాకు చూపొచ్చిందన్న సంబరంతోనే ఆ మనిషి ఇంకా ముద్ద మింగుతున్నాడు.”